దారి తప్పితే ముందు కూసోవాలె

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. పాలమూరు, నల్లగొండ, హైదరాబాద్ నుంచి జనం లింగమయ్య దర్శనానికి నల్లమల లోయలోకి రాళ్లదారిన దిగుతారు. ఆ రోజుల్లో చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి; ఎండుటాకు కాలిబాటను కప్పేస్తుంది. జనం నడిచే బాటలో భయం లేదు. అడ్డదారి దొరికిందని పక్కకు మళ్లినవాళ్లకే చిక్కు.

దారి పోయిందని తెలియగానే గుండె దడదడలాడుతుంది. ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, ఆలోచన మందగిస్తుంది, కాళ్లు మాత్రం ఉరకమంటాయి. మనిషి ఆగమాగం అయ్యేది ఇక్కడే. ‘ఇటు పోతే రోడ్డు తగులుతది’ అని నడుస్తూనే ఉంటాడు.

ఆ నడక ఎటు పోతుందో జర్మనీ పరిశోధకులు 2009లో చూపించారు. కొందరిని అడవిలో, కొందరిని సహారా ఎడారిలో తిన్నగా నడవమన్నారు. సూర్యుడో చంద్రుడో కనిపించినంతసేపు దాదాపు తిన్నగానే పోయారు. మబ్బు కమ్మితే తెలియకుండానే గుండ్రంగా తిరిగి తమ అడుగుల మీదికే వచ్చారు. ఒక కాలు పొట్టి కావడం దీనికి కారణం కాదు. ‘ఎదురుగా’ అంటే ఎటో మెదడు వేసుకునే లెక్కలో చిన్న చిన్న తప్పులు పోగవుతూ పోతాయి, అంతే.

కాబట్టి కూర్చోవాలి. నీడ చూసుకుని, ఊపిరి నెమ్మదించేదాకా. ఏప్రిల్ ఎండలో నడిచే మనిషి గంటకు లీటరు పైనే చెమట కార్చగలడు; కూర్చుంటే ఆ నీళ్లు ఒంట్లోనే మిగులుతాయి. దాహమేస్తే తాగాలి. సీసాలో నీళ్లు దాచి, ఒళ్లు ఎండబెట్టుకుంటే లాభం లేదు.

ఇంకో అలవాటు: పోయేటప్పుడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడటం. వచ్చేటప్పుడు కనబడే అడవి ఆ వైపుదే. చెంచు పెంటల (అడవిలోని చెంచుల పల్లెల) మనుషులకు చిన్నప్పటి నుంచి గుట్టా వాగూ చెట్టూ గుర్తులే. పట్నం నుంచి వచ్చిన మనకు ఫోనే దిక్కు, అడవిలోపల అది సిగ్నల్ వెతుక్కుంటూనే బ్యాటరీ తాగేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఎత్తైన చోట మాత్రమే తీసి అత్యవసర నంబరు 112కు ప్రయత్నించాలి. అరిస్తే గొంతు పోతుంది. విజిల్ మూడుసార్లు ఊది, ఆగి చెవిపెట్టి వినాలి.

పిల్లల సంగతి వేరు. తప్పిపోయిన పిల్లలు ఒక్కోసారి వెతికేవాళ్లను చూసి కూడా భయంతో దాక్కుంటారు. దగ్గరి చెట్టును పట్టుకుని అక్కడే ఉండాలని, పేరు పెట్టి పిలిస్తే కొత్తవాళ్లకైనా పలకాలని జాతరకు బయల్దేరకముందే చెప్పాలి.