షుగర్ టెస్టు: మెషీన్ కంటే ముందు ట్యూబును చూడండి

అపోహ: రక్తం తీశాక అందులోని షుగర్ మారదు.

మారుతుంది. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. కణాలను వేరుచేయకుండా మామూలు గది వేడిలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. మన ఎండాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు ఒకసారి నా రక్తంతోనే చూపించాను. టిఫిన్ చేశాక తీసిన శాంపిల్‌ను రెండు ట్యూబుల్లో పోశాం. ఒకదాన్ని వెంటనే, కణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి టెస్టు చేస్తే 118. షుగర్‌ను కాపాడే మందు లేని ఎర్రమూత ట్యూబును బల్ల మీద వదిలేస్తే, అది నాలుగు గంటలకు చూపించింది 92. మనిషీ అదే, మెషీనూ అదే.

అపోహ: గ్రే మూత ట్యూబులో తీస్తే ఇక టెన్షన్ లేదు.

సగమే నిజం. అందులోని సోడియం ఫ్లోరైడ్ అడ్డుకునేది ఎనొలేజ్ అనే ఎంజైమును. గ్లూకోజ్ విరిగే వరసలో అది దాదాపు చివర ఉంటుంది. పై మెట్లు కాసేపు నడుస్తూనే ఉంటాయి కాబట్టి మొదటి గంటా రెండు గంటలూ షుగర్ పడుతూనే ఉండి, తర్వాత నిలబడుతుంది. అందుకే ట్యూబును వెంటనే ఐస్‌లో పెట్టి, అరగంటలో కణాల నుంచి ప్లాస్మాను (రక్తంలోని ద్రవాన్ని) వేరుచేయాలి. కుదరకపోతే సిట్రేట్ కూడా కలిసిన ట్యూబు వాడాలి. తీయగానే మెల్లగా ఎనిమిది, పదిసార్లు తలకిందులు చేయడం చాలామంది మర్చిపోతారు. ఫ్లోరైడ్ పొడి అడుగునే ఉండిపోతే గ్రే మూత ఉండీ లాభం లేదు.

అపోహ: ఏ పద్ధతిలో చేసినా ఒకటే.

చిన్న ల్యాబుల్లో ఎక్కువగా ఉండేది జీఓడీ-పీఓడీ, అంటే గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైములతో చేసే పద్ధతి. చౌక, గులాబీ రంగు వస్తుంది, మంచిదే. కాకపోతే ఒంట్లో విటమిన్ సి బాగా ఎక్కువైతే రంగు తగ్గి రీడింగ్ కిందికి వస్తుంది. 340 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచే హెక్సోకైనేజ్ అనే ఇంకో ఎంజైము పద్ధతికి ఆ బెడద తక్కువ. నన్నడిగితే, రోజూ కంట్రోల్ (అంకె ముందే తెలిసిన శాంపిల్) నడపని హెక్సోకైనేజ్ కంటే నడిపే జీఓడీ-పీఓడీనే నమ్ముతాను.

అపోహ: గ్లూకోమీటరుకూ ల్యాబుకూ తేడా వస్తే ఏదో ఒకటి తప్పు.

ఐఎస్ఓ 15197 ప్రమాణం ప్రకారం 100 దాటిన రీడింగుల్లో 15 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకోదగ్గదే. అంటే ల్యాబులో 200 ఉంటే మీటరు 175 చూపించినా పాడైనట్టు కాదు. పైగా తిన్న తర్వాత వేలి రక్తంలో షుగర్, నరం నుంచి తీసినదాని కంటే ఎక్కువే ఉంటుంది.

అపోహ: రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

ఐరన్ లోపం దాన్ని పెంచి చూపించవచ్చు. ఎర్రకణాలు త్వరగా చనిపోయే సికిల్ సెల్ జబ్బులో తగ్గించి చూపిస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే శాంపిళ్లలో హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే మెషీన్) గ్రాఫ్ మీద ఉండకూడని చోట ఇంకో శిఖరం కనిపిస్తే, నేను అంకె పంపే ముందు డాక్టరుగారికి ఫోన్ చేస్తాను.