అరికాలిలోని వింటినారి

మడమ నొప్పితో బాధపడుతున్న ఒక పరుగు క్రీడాకారుడు ఇటీవల ఇలా అడిగారు: “నిద్ర లేచి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున మేకు దిగినట్టు ఉంటుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది, పరుగు ముగిశాక మళ్ళీ మొదలవుతుంది. నా పాదాలు చదునుగా ఉన్నాయి కనుక ఇది తప్పదని కొందరు అంటున్నారు. నిజమేనా?” ఈ ప్రశ్నలో చదును పాదం మాట కంటే మొదటి అడుగు మాటే నాకు విలువైనదిగా తోచింది. క్రీడాకారుల పాదాలకు చికిత్స చేసే పోడియాట్రీ వైద్యులు శరీర కదలికలను బలాల లెక్కతో పరిశీలించే బయోమెకానిక్స్‌ను ఎందుకు ఆశ్రయిస్తారో ఆ మొదటి అడుగే చెబుతుంది.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయి. వాటి పేర్లన్నీ కంఠస్థం చేసినా పాదం పనిచేసే తీరు మాత్రం బోధపడదు. అందుకు దానిని ఒక విల్లుగా ఊహించుకోవాలి. మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ వరకు కమానులా వంగి ఉన్న ఎముకల వరుస వింటి కర్ర అయితే, అరికాలి చర్మం కింద మడమ నుంచి ముందుకు సాగే ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పట్టీ వింటినారి. శరీరం బరువు పైనుంచి నొక్కినప్పుడు విల్లు కొనలు రెండూ ఎడంగా జరగబోతాయి, నారి వాటిని పట్టి ఉంచుతుంది.

ఇంతే అయితే పెద్ద వింత కాదు. అసలు విశేషం నారిని కట్టిన చోటులో ఉంది. దాని ముందరి కొన వింటి కొన దగ్గరే ఆగిపోకుండా, కీలును దాటి వేలి ఎముక మొదలుకు అతుక్కుని ఉంటుంది. అందువల్ల మడమ లేచి బొటనవేలు పైకి వంగిన ప్రతిసారీ, గిలక మీద తాడు చుట్టుకున్నట్టు, నారి ఆ కీలు గుండ్రని తలను చుట్టుకుంటుంది. ఆ తల వ్యాసార్ధం 1 సెంటీమీటరు అనుకుంటే, వేలు సుమారు 57 డిగ్రీలు, అంటే ఒక రేడియన్, వంగేసరికి 1 సెంటీమీటరు నారి చుట్టులోకి పోతుంది. నారి అంత సులువుగా సాగేది కాదు కనుక విల్లు కొనలు దగ్గరకు రాక తప్పదు. కమాను లేస్తుంది, ఎముకలు బిగుసుకుంటాయి, క్షణం ముందు నేలకు అనుగుణంగా ఒదిగిన మెత్తని పాదమే నేలను వెనక్కి నెట్టగల గట్టి లివర్‌గా మారుతుంది. 1954లో జె. హెచ్. హిక్స్ వివరించిన ఈ ఏర్పాటును, ఓడల్లో లంగరు తాడును చుట్టే యంత్రం పేరు మీదుగా, విండ్‌లాస్ అంటారు.

దీనిని కళ్ళారా చూడవచ్చు. నిలబడి ఉన్న వ్యక్తి బొటనవేలును మరొకరు చేత్తో పైకి ఎత్తితే కమాను లేవడమే కాక, మోకాలి కింది ఎముక కూడా కొద్దిగా బయటి వైపుకు తిరుగుతుంది. పాదం గురించి బోధించేవారు ఎముకల పటం గోడకు తగిలించే ముందు ఈ పరీక్షను విద్యార్థుల చేత చేయించాలని నా గట్టి అభిప్రాయం.

ఇక బలాల లెక్క. 60 కిలోల వ్యక్తి బరువు సుమారు 600 న్యూటన్లు. పరుగులో నేల తిరిగి నెట్టే బలం బరువుకు రెండున్నర రెట్లు అనుకుంటే 1500 న్యూటన్లు. ఆ బలం చీలమండ కీలుకు 12 సెంటీమీటర్లు ముందు పనిచేస్తుండగా, పిక్క కండరాన్ని మడమ వెనుకకు కలిపే అకిలిస్ టెండన్ అదే కీలుకు 5 సెంటీమీటర్లు వెనుక నుంచి లాగుతుంటే, భ్రామకాలు, అంటే కీలును తిప్పజూసే ప్రభావాలు, సమతూకంలో ఉండటానికి ఆ టెండన్ 3600 న్యూటన్లతో, అంటే బరువుకు ఆరు రెట్ల బలంతో, లాగవలసి వస్తుంది. పిక్క కండరం విల్లు వెనుక కొన అయిన మడమను అలా పైకి లాగే కొద్దీ నారి మరింత బిగుస్తుంది. నడకలోనే నారి మీద గరిష్ఠంగా దాదాపు శరీర బరువంత బలం పడుతుందని మృతదేహాల పాదాలతో చేసిన ప్రయోగాలు చూపాయి.

ఈ విల్లు భారం మోయడంతో ఆగదు, శక్తిని దాచి తిరిగి ఇస్తుంది. 70 కిలోల మనిషి సెకనుకు 4.5 మీటర్ల వేగంతో పరుగెత్తేటప్పుడు, ఒక అడుగు నేల మీద ఉన్న కాలంలో శరీరం కోల్పోయి తిరిగి పొందే సుమారు 100 జౌళ్ళ శక్తిలో 35 అకిలిస్ టెండన్‌లో, 17 పాదం కమానులో నిల్వ ఉంటాయని 1987లో మెక్‌నీల్ అలెగ్జాండర్ బృందం లెక్కగట్టింది.

రాత్రంతా పాదం కిందికి వాలి ఉండటంతో నారి వదులుగా ఉంటుంది. మొదటి అడుగులో దాని మీద ఒక్కసారిగా లాగుడు పడుతుంది, అది మడమ ఎముకకు అతుక్కున్న చోట నొప్పి పుడుతుంది. దీర్ఘకాలం సాగిన నొప్పిలో ఆ చోట కనిపించేది ప్రధానంగా వాపు కాదు, పదేపదే పడిన భారానికి తంతువులు శిథిలం కావడం.

చదును పాదం ఉన్నవారు పరుగుకు పనికిరారన్నది శాస్త్రం ముసుగు వేసుకున్న మూఢనమ్మకం. పాదం చదునుగా ఉందో లేదో చూసేందుకు వేయించే తడి పాదం ముద్ర నిలబడిన పాదం ఆకారాన్ని చూపుతుంది తప్ప, బొటనవేలు వంగినప్పుడు ఆ విల్లు ఎంత బిగుస్తుందో చూపదు. పైగా పాదం గట్టిదనం పొడవాటి కమాను ఒక్కదాని వల్ల వచ్చేది కాదు. పలుచని కాగితాన్ని అడ్డంగా కొద్దిగా వంచి పట్టుకుంటే అది వాలిపోకుండా నిలుస్తుంది. అదే విధంగా పాదానికి ఉన్న అడ్డ కమాను ఆ గట్టిదనంలో 40 శాతానికి పైగా సమకూరుస్తుందని 2020లో మధుసూదన్ వెంకటేశన్ తదితరుల పరిశోధన చూపింది. అందుచేత వైద్యులు చూడవలసింది బొటనవేలు ఎంత వంగుతోంది, పిక్క ఎంత బిగుసుకుపోయింది, పరుగు దూరాన్ని ఇటీవల ఎంత త్వరగా పెంచారు అన్న విషయాలను.

చికిత్సలోనూ ఈ నారే దారి చూపుతుంది. డెన్మార్క్‌లో 48 మందితో జరిపి, 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అందరికీ బూట్లలో పెట్టుకునే ఇన్‌సోల్‌లు ఇచ్చి, సగం మంది చేత అరికాలిని సాగదీసే వ్యాయామం, మిగతా సగం చేత వేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని ఒంటికాలి మీద మడమను మెల్లగా ఎత్తి దించే వ్యాయామం చేయించారు. తువ్వాలు వేళ్ళను ముందే వంచి ఉంచుతుంది కనుక నారి బిగిసి ఉండగానే బరువు మోస్తుంది. మూడు నెలలకు తువ్వాలు వాడినవారే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. ఏడాది గడిచేసరికి అరికాలిని సాగదీసిన బృందం కూడా వారిని అందుకుంది.