ఏటా ఆరు నెలలు పిల్లల దగ్గర: వీసాలపై అపోహలు - వాస్తవాలు

విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి ఒక్కసారి చుట్టపుచూపుగా వెళ్లొచ్చే తల్లిదండ్రులకు వీసా పెద్ద చిక్కు కాదు. ఏటా వెళ్లి నెలల తరబడి ఉండాలనుకునేవాళ్ల సంగతి వేరు. హైదరాబాద్‌లో వీసా కన్సల్టెంటుగా నేను ఎక్కువగా మాట్లాడేది వీళ్లతోనే. వాట్సాప్‌లో వచ్చిన సలహా పట్టుకుని వచ్చినా, పక్క ఫ్లాటువాళ్ల అనుభవం విని వచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: "ఏడాదిలో అక్కడెన్ని నెలలు, ఇక్కడెన్ని నెలలు ఉండబోతున్నారు?" అది తేలకుండా ఏ వీసా అన్నది తేలదు.

అపోహ: పదేళ్ల వీసా వచ్చింది కాబట్టి ఎన్నాళ్లయినా ఉండొచ్చు.

వాస్తవం: అమెరికా వీసా మీదున్న తేదీ అక్కడి విమానాశ్రయం దాకా వెళ్లి లోపలికి రానివ్వమని అడగడానికి ఉన్న గడువు, అంతే. ఎన్నాళ్లు ఉండాలో అక్కడి ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తారు. బీ-2 విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే మీ రాక రికార్డులో ఉంటుంది. దిగిన మర్నాడే పిల్లలచేత ఐ-94 వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొట్టించి "అడ్మిట్ అంటిల్ డేట్" అన్నచోట ఏముందో కళ్లారా చూడండి. భార్యాభర్తలు ఒకే విమానంలో దిగినా రెండు రికార్డులూ విడివిడిగా తీయాలి. ఒకరి పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే వారి తేదీ ముందే పడవచ్చు.

పొడిగింపు అడక్కుండా ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. గడువు దాటాక 180 రోజులకు మించి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు; ఏడాది లేదా ఆపైన ఉంటే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. ఆరోగ్యం బాగాలేకో, మరో గట్టి కారణంతోనో ఉండిపోవాల్సివస్తే ఆ తేదీలోపే ఐ-539 (పొడిగింపు దరఖాస్తు) దాఖలు చేయాలి. పిల్లలకు ఇంకొన్నాళ్లు తోడుగా ఉంటారని మాత్రం దాని జోలికి పోవద్దనే చెబుతాను. ఏడాదిపాటు అక్కడే ఉన్నట్టు కనిపించే రికార్డు తర్వాతి ప్రయాణంలో ప్రశ్నలు తెస్తుంది.

అపోహ: కొద్దిరోజులు బయటికి వెళ్లొస్తే మళ్లీ ఆరు నెలలు గ్యారంటీ.

వాస్తవం: ఇలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు. కెనడా, మెక్సికోలకు వెళ్లొస్తే గడువు కొత్తగా మొదలవుతుందనీ అనుకోవద్దు. ఆరు నెలలు అక్కడుంటే ఆరు నెలలు ఇక్కడుండాలన్న రూలు కూడా లేదు. అయినా అక్కడున్నంత కాలం ఇక్కడా ఉండి వెళ్లమనే నేను చెబుతాను. ఎందుకంటే మీరు చూడ్డానికి వస్తున్నారా, అక్కడే కాపురం పెట్టారా అన్నదే కౌంటరులోని అధికారి చూసేది. "పోయినసారి ఎప్పుడు వెళ్లారు? మళ్లీ ఇంత తొందరగా ఎందుకొచ్చారు?" అని అడుగుతారు.

మన ఇళ్లలో పురుటికి ముందు అమ్మాయి తల్లి వెళ్తుంది, ఆవిడ తిరిగొచ్చే వారం అత్తగారు బయల్దేరుతుంది, తర్వాత మళ్లీ అమ్మ. కూతురి పురుడని నిజం చెప్పడంలో తప్పేమీ లేదు. "అమ్మాయి ఉద్యోగానికి వెళ్లాలి, డేకేర్ ఖర్చు తప్పుతుంది, అందుకే పిల్లాణ్ని చూసుకోవడానికి వచ్చాను" అంటే మాత్రం దాన్ని పనిగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. విజిటర్ వీసా మీద పని చేయకూడదు. అబద్ధం చెప్పమని నేను ఎవరికీ చెప్పను. అవసరం నిజంగా అదే అయితే ప్రయాణాల ప్లానే మార్చుకోవాలి.

అపోహ: అబ్బాయికి గ్రీన్ కార్డు వస్తే మాకూ వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తల్లిదండ్రులకు స్పాన్సర్ చేయలేరు. పౌరసత్వం వచ్చి, 21 ఏళ్లు నిండిన పిల్లలే చేయగలరు. అప్పుడు వార్షిక కోటా అడ్డు ఉండదు.

అపోహ: గ్రీన్ కార్డు తీసుకుంటే ప్రశ్నలుండవు, హాయిగా వెళ్లొస్తూ ఉండొచ్చు.

వాస్తవం: నన్నడిగితే అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. గ్రీన్ కార్డు అమెరికాలో స్థిరపడేవాళ్ల కోసం. ఆరు నెలలు దాటి బయటుంటే ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటాలంటే వెళ్లేముందే, అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఏడాదిలో పది నెలలు గుంటూరులో ఉండి, కార్డు నిలుపుకోవడానికి రెండు నెలలు వెళ్లొస్తే అక్కడి నివాసం వదులుకున్నారని అనే అవకాశం ఉంది.

ఇక పన్ను. గ్రీన్ కార్డు చేతికొచ్చాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికాకు చూపించాలి. పెన్షన్, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, ఇంటి అద్దె మాత్రమే కాదు, పొలం కౌలు కూడా చూపాల్సిందే. మన దగ్గర వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అన్న మాట అక్కడ చెల్లదు. ఊళ్లో పొలం అమ్మితే ఇక్కడ పన్ను పడకపోయినా, లాభాన్ని అక్కడ లెక్కలో చూపాలి. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే విడిగా రిపోర్టు చేయాలి. ఆస్తుల పంపకమో అమ్మకమో మిగిలి ఉన్నవాళ్లు రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటరును కలిశాకే దరఖాస్తు మీద సంతకం పెట్టండి.

అపోహ: కెనడా, ఆస్ట్రేలియాల్లోనూ విజిటర్ వీసా ఒక్కటే దారి.

వాస్తవం: కెనడాలో తల్లిదండ్రులకు, అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలకు సూపర్ వీసా ఉంది. 2022 జూలై నుంచి ఒక్కో ప్రయాణంలో ఐదేళ్ల దాకా ఉండనిస్తున్నారు. మామూలు విజిటర్‌కు ఆరు నెలలే. పిల్లలకు అక్కడ పౌరసత్వమో పీఆరో (శాశ్వత నివాస హక్కు) ఉండాలి, నిర్ణీత ఆదాయం చూపాలి. మీకు వైద్య పరీక్షలు, కనీసం లక్ష కెనడియన్ డాలర్ల ఇన్సూరెన్సు తప్పనిసరి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు పాలసీలో పాత జబ్బుల షరతులు చదవకుండా ప్రీమియం కట్టొద్దు. ఆరు నెలలు మించి ఉండే ఉద్దేశమే లేకపోతే మాత్రం ఇంత ఖర్చు అక్కర్లేదు, విజిటర్ వీసాయే చాలు.

ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల కోసం ఉన్న 870 వీసా మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు, మొత్తం మీద పదేళ్లు మించనివ్వరు. ముందు పిల్లలు స్పాన్సరుగా ఆమోదం పొందాలి, ఫీజు కూడా భారీ. విజిటర్ వీసా మీదే వెళ్లేవాళ్లు 8558 షరతు పడిందేమో చూసుకోవాలి. పడితే ఏ 18 నెలల్లోనైనా 12 నెలలకు మించి అక్కడ ఉండకూడదు.

బ్రిటన్ పదేళ్ల విజిటర్ వీసా ఇచ్చినా ఒక్కో రాకకు ఆరు నెలలే, పైగా వెంటవెంటనే వచ్చి అదే ఇల్లుగా చేసుకోకూడదు. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్) దేశాలకు షార్ట్ స్టే వీసా మీద వెళ్తే ఏ 180 రోజుల్లోనైనా అన్నిటిలో కలిపి 90 రోజులే.

అపోహ: పాస్‌పోర్టు గడువు తీరితే అందులోని అమెరికా వీసా కూడా పోయినట్టే.

వాస్తవం: పోదు. వీసా గడువు ఉండి, ఆ పేజీ చెక్కుచెదరకుండా ఉంటే పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుని వెళ్లొచ్చు. పాత పాస్‌పోర్టును చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకుండా చేతిసంచిలోనే పెట్టుకోండి.