మెరీనాలో మేట, తిరువొత్తియూరులో కోత: ఒకే ఇసుక కథ

మా మేనత్త వాళ్ల ఇల్లు చెన్నై హార్బర్‌కు ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరులో. తన చిన్నప్పుడు మధ్యాహ్నం పూట సముద్రం దగ్గరికి వెళ్తే అరికాళ్లు కాలిపోయేవని, అంత ఇసుక ఉండేదని అత్త ఇప్పటికీ చెబుతుంది. ఇప్పుడు ఆ వీధి చివర ఇసుకే లేదు. పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చి ఉన్నాయి, క్వారీలో డ్రిల్ వేసిన గాట్లు వాటి మీద ఇంకా కనిపిస్తాయి, అల నేరుగా వచ్చి వాటికే కొట్టుకుంటుంది. తుఫాను వచ్చిన ప్రతిసారీ టీవీలో ‘సముద్రం ముందుకొచ్చింది’ అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అక్కడికి చేరాల్సిన ఇసుకను దారిలో ఆపింది మనుషులే, ఆ పని మొదలై దాదాపు 150 ఏళ్లయింది.

ఇసుక ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. ఏరు రాళ్లను ఒరుసుకుంటూ, నలుపుతూ, మోసుకుంటూ వస్తుంది. వేగం తగ్గిన చోట బరువైనవి ముందు దించేస్తుంది: గులకరాళ్లు, ఆ తర్వాత ఇసుక, అన్నిటికంటే చివర సన్నటి ఒండ్రు. మన కుప్పం మీదుగా పారే పాలారు చెన్నైకి దక్షిణాన సముద్రంలో కలుస్తుంది, నీళ్లు వచ్చిన ఏడాది అది దించిన ఇసుకను అక్కడి నుంచి అలలు అందుకుంటాయి.

అలలు ఎలా మోస్తాయో మెరీనాలో నిలబడి మీరే చూడొచ్చు. మే నెలలో ఒక సాయంత్రం నీటి అంచున కొట్టుకొచ్చిన కొబ్బరి పీచు ముక్క ఒకదాని మీద కన్నేసి ఉంచాను. అల ఏటవాలుగా వచ్చి దాన్ని పైకి, కాస్త ఉత్తరానికి తోసింది. వెనక్కి జారే నీళ్లు మాత్రం వాలు వెంబడి తిన్నగా కిందికి లాగేశాయి. మళ్లీ అల, మళ్లీ అదే. కాసేపటికి ఆ పీచు నా ముందు నుంచి హార్బర్ వైపు చాలా దూరం జరిగిపోయింది. ఇసుక రేణువు ప్రయాణమూ అదే, రంపం పళ్లలా పైకీ కిందికీ పడుతూ ఉత్తరానికి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో అలల దిశ మారి కొంత ఇసుక దక్షిణానికి తిరిగి వస్తుంది, కానీ ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

1639లో ఇక్కడి పాలకులైన దామెర్ల నాయకుల దగ్గర ఈస్టిండియా కంపెనీ పుచ్చుకున్న ఈ తీరంలో ఓడ ఆగడానికి చోటు లేదు. ఓడలు దూరంగా లంగరేసేవి, మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన మసులా పడవల్లో సరుకులూ మనుషులూ ఒడ్డుకు చేరేవారు. అమెరికా నుంచి వచ్చే మంచుగడ్డలను దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానందర్ ఇల్లం అంటే అందరికీ తెలుస్తుంది. ఈరోజు అక్కడి నుంచి నీళ్ల దాకా నడిస్తే ఆయాసం వస్తుంది, కట్టిన రోజుల్లో సముద్రం అంత దూరంలో లేదు.

తర్వాత సముద్రంలోకి ఒక ఇనుప వంతెన కట్టారు. స్తంభాల మీద నిలబడ్డ కట్టడం కాబట్టి నీళ్లూ ఇసుకా కింద నుంచి పోయేవి. అసలు మలుపు 1875లో హార్బర్‌కు శంకుస్థాపన చేయడంతో వచ్చింది. సముద్రంలోకి చొచ్చుకుపోయే రెండు రాతి గోడలు లేచాయి. 1881 తుఫాను వాటిని చాలావరకు పడగొట్టినా మళ్లీ కట్టారు. దక్షిణం నుంచి వస్తున్న ఇసుకకు గోడ అడ్డం పడింది, అక్కడే ఆగి మేట వేయడం మొదలుపెట్టింది. 1880ల్లో గవర్నర్ గ్రాంట్ డఫ్ తీరం వెంబడి నడకదారి వేయించి దానికి మెరీనా అని పేరు పెట్టాడు, ఆ తర్వాత కూడా బీచ్ వెడల్పవుతూనే పోయింది. మేట హార్బర్ వాకిలినీ వదల్లేదు. ఇసుక బాధ పడలేక 1904లో పోర్టు ట్రస్టు చైర్మన్‌గా వచ్చిన ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హయాంలో తూర్పున ఉన్న దారి మూసి, ఈశాన్యం వైపు తెరిచారు.

గోడకు అవతల ఏం జరిగిందో మెరీనాలో కూర్చుంటే కనిపించదు. అల పని అల చేస్తూనే ఉంటుంది, ఉన్న ఇసుకను ఉత్తరానికి తీసుకుపోతుంది, కానీ వెనక నుంచి కొత్తది రాదు. ముందు రాయపురం ఒడ్డు కరిగింది. అక్కడ బండలు వేస్తే కోత కాశిమేడుకు జరిగింది, అక్కడ ఆపితే తిరువొత్తియూరు, ఆపైన ఎర్నావూరు, ఎన్నూరు. రాళ్ల గోడ తన వెనక ఉన్న ఇంటిని కాపాడుతుంది, పక్క వీధి వాళ్ల ఇసుకను మాత్రం తెచ్చివ్వలేదు. తెప్పలు లాగి ఆరబెట్టుకోవడానికి, వలలు పరుచుకోవడానికి చోటు పోతే జాలరి కుటుంబానికి జీవనాధారమే పోయినట్టు, ఈ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టరు. తర్వాత సముద్రంలోకి అడ్డంగా చిన్న రాతి గట్లు కట్టారు, గ్రోయిన్లు అంటారు, వాటి మధ్య కొన్ని చోట్ల కాస్త ఇసుక నిలిచింది. 2001లో ఎన్నూరు పోర్టు, ఆపైన కాట్టుపల్లి పోర్టు వచ్చాయి, అంటే దారిలో ఇంకా కొత్త గోడలు.

దీనికి మందు లేకపోలేదు. విశాఖలో హార్బర్ గోడ దగ్గర పోగైన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు, అది ఏటా చేయాల్సిన ఖర్చు. చెన్నైలోనూ గోడకు దక్షిణాన ఆగిన ఇసుకను పైపుల్లో ఉత్తరానికి చేర్చడం గురించి గట్టిగా అడగాల్సింది మెరీనాలో సాయంత్రాలు గడిపే మనమే, ఎందుకంటే మన కాళ్ల కింద ఉన్న ఇసుకలో మా అత్త వాళ్ల వీధికి చేరాల్సినది కూడా ఉంది.