కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న ఏళ్లకు మూత్రంలో రక్తం: హైపర్‌బారిక్ ఆక్సిజన్‌పై అపోహలు – వాస్తవాలు

అపోహ: రేడియేషన్ అయి ఆరేళ్లయింది. ఇప్పుడు మూత్రం ఎర్రగా వస్తోందంటే వేడి చేసినట్టే.

వాస్తవం: మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో చాలామంది బార్లీ నీళ్లతో నెలలు గడిపినవాళ్లే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కో, ప్రోస్టేట్ క్యాన్సర్‌కో కరెంటు పెట్టించుకున్నవాళ్లలో మూత్రాశయానికి జరిగిన నష్టం నెలల తర్వాత, ఒక్కోసారి పదేళ్లు దాటాక బయటపడుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు మెల్లగా మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందని గోడ గట్టిపడి, లోపలి పొర పలచబడి నెత్తురు కారుతుంది. ముందు యూరాలజిస్టు దగ్గర సిస్టోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేయించుకోండి. క్యాన్సర్ తిరగబెట్టలేదని తేలాలి. గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోతే నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి, హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స, అంటే ఒత్తిడి పెంచిన ఛాంబర్‌లో (మూసిన గదిలో) ఆక్సిజన్ పీల్చడం, ఆ తర్వాతి సంగతి.

అపోహ: ఆక్సిజనే కదా, ఇంట్లో సిలిండర్ పెట్టుకుంటే చాలు.

వాస్తవం: అసలు పని ఒత్తిడిది. మామూలు గాలి ఒత్తిడికి 2 నుంచి 2.5 రెట్లు ఉన్నచోట శుద్ధమైన ఆక్సిజన్ పీలిస్తే అది ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) ఎక్కువగా కరిగి, ఎండిన కణజాలం దాకా చేరుతుంది. కొత్త కేశనాళికలు (అతి సన్నటి రక్తనాళాలు) పుట్టడానికి ఊతమిస్తుంది. జిప్పు వేసి గాలి నింపే సంచీల్లో ఒత్తిడి సాధారణంగా 1.3 రెట్లే. దయచేసి ఈ జబ్బుకు వాటిని నమ్ముకోకండి.

అపోహ: నాలుగు సిట్టింగులకు తగ్గకపోతే పనిచేయనట్టే.

వాస్తవం: కొత్త రక్తనాళాలు నాలుగు రోజుల్లో రావు. వారానికి ఐదు రోజులు, రోజూ దాదాపు 90 నిమిషాలు, మొత్తం 30 నుంచి 40 సిట్టింగులు పడతాయి. నార్డిక్ దేశాల్లో జరిగిన రిచ్-ఆర్ట్ అధ్యయనం 2019లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చింది. వంద పాయింట్ల మూత్ర లక్షణాల స్కోరు ఈ చికిత్స తీసుకున్నవాళ్లలో సగటున 17.8, మామూలు వైద్యం పొందినవాళ్లలో 7.7 మెరుగైంది. అందరికీ తగ్గుతుందని నేను చెప్పను. మధ్యలో మానేస్తే మాత్రం అవకాశాన్నే చేజార్చుకున్నట్టు.

అపోహ: ఆక్సిజన్ ఎక్కిస్తే క్యాన్సర్ పెరుగుతుంది.

వాస్తవం: అలా పెరిగినట్టు ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో ఆధారం దొరకలేదు.

ఇక ఛాంబర్ లోపల ఎలా ఉంటుందంటే: ఒత్తిడి పెరిగేటప్పుడు విమానం దిగుతున్నట్టు చెవులు దిబ్బడ వేస్తాయి. గుటకలు మింగుతూ ఉండండి, నొప్పి పుడితే వెంటనే చెప్పండి, ఆపుతాం. తలకు కొబ్బరినూనె రాసుకుని రావద్దు, నూలు బట్టలే వేసుకోవాలి, ఫోను బయటే ఉండాలి. ఆక్సిజన్ నిండినచోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే. కొందరికి దూరపు చూపు కొంతకాలం మసకబారుతుంది, తొందరపడి కళ్లద్దాలు మార్చకండి.

పాత ఫైలు తప్పక తెండి. గతంలో బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు ఇచ్చారా, ఊపిరితిత్తుల జబ్బేమైనా ఉందా అన్నది చూశాకే మిమ్మల్ని ఛాంబర్‌లోకి పంపాలా వద్దా అని తేలుస్తాం.