పెద్దల మతిమరుపు, మందుల చీటీ: వందేళ్ల వెనక్కి

ఇంట్లో డెబ్బై దాటిన మనిషి నిన్నటి మాట మరిచిపోతే "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాం. ఇంకాస్త ముదిరితే అల్జీమర్స్ ఏమోనని టెన్షన్ పడతాం. ఆ మనిషి రోజూ వేసుకునే మాత్రల వైపు మాత్రం మన చూపు పోదు. కొన్ని మందులు జ్ఞాపకాన్ని మసకబారుస్తాయన్న సంగతి వైద్యులకు వందేళ్లకు పైగా తెలుసు.

ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లకు నోరు ఎండిపోతుంది, కళ్లు మసకలు కమ్ముతాయి, ఎక్కడున్నారో తెలియక ఏదేదో మాట్లాడతారు. తేరుకున్నాక జరిగింది గుర్తుండదు. ఆ గింజల్లో ఉండే విషాల్లో ఒకటి స్కోపొలమైన్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో డాక్టర్లు దాన్ని మార్ఫిన్‌తో కలిపి కాన్పుల్లో ఇచ్చేవారు. తల్లులు నొప్పితో కేకలు పెట్టేవారు, మర్నాటికి ఆ నొప్పి గుర్తుండేది కాదు.

ఇలా ఎందుకవుతుందో తెలియడానికి ఒక కప్ప గుండె సాయపడింది. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఓటో లోవీ ఒక కప్ప గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపించి, దాని కొట్టుకునే వేగం తగ్గాక, ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని తీసి మరో కప్ప గుండె మీద పోశాడు. అదీ నెమ్మదించింది. అంటే నరం తన కబురును ఒక రసాయనం చేత పంపుతోందన్నమాట. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. హెన్రీ డేల్‌తో కలిసి లోవీ 1936లో నోబెల్ అందుకున్నాడు. మెదడులో కొత్త సంగతులు నాటుకోవడానికీ ఈ రసాయనమే కావాలి. స్కోపొలమైన్ అది చేరాల్సిన చోటికి ముందే చేరి దారి మూసేస్తుంది.

1974లో అమెరికాలో డేవిడ్ డ్రాక్‌మన్, జానెట్ లీవిట్ ఆరోగ్యంగా ఉన్న యువకులకు స్కోపొలమైన్ ఇచ్చి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టారు. అప్పుడే విన్న అంకెలను వాళ్లు తిరిగి చెప్పగలిగారు, కానీ కొత్త సంగతులు మనసులో నిలవలేదు. ఆ తీరు వృద్ధుల మతిమరుపును పోలి ఉంది. రెండేళ్లకు ఎడిన్‌బరోలో పీటర్ డేవీస్, మలోనీ అల్జీమర్స్‌తో చనిపోయినవారి మెదళ్లు పరిశీలించి, ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైమ్ బాగా పడిపోయిందని చూపించారు.

ఉన్న కొద్దిపాటి ఎసిటైల్‌కోలిన్‌నైనా త్వరగా విరిగిపోకుండా కాపాడాలన్న ఆలోచనతో మందులు పుట్టాయి. 1993లో అమెరికాలో అనుమతి పొందిన టాక్రిన్ కాలేయాన్ని దెబ్బతీసి వెనకబడింది. 1996లో డొనెపెజిల్ వచ్చింది. దాన్ని కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త హచిరో సుగిమోటో తల్లి డిమెన్షియాతో (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా చెడిపోయే స్థితి, అల్జీమర్స్ అందులో ఒక రకం) కొడుకునే గుర్తుపట్టలేని స్థితికి చేరింది. ఈ మందు జబ్బును ఆపదు, కొంతమందికి కొంతకాలం ఊరటనిస్తుంది.

ఇదే కాలంలో ఎసిటైల్‌కోలిన్‌కు దారి మూసే మందులు వేరే వేరే పనుల కోసం ఇళ్లలోకి చేరిపోయాయి. అలర్జీకి 1946లో డైఫెన్‌హైడ్రమైన్, డిప్రెషన్‌కు 1961లో అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి 1975లో ఆక్సీబ్యుటినిన్. మన జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్‌దీ ఈ కుటుంబమే. వీటితో నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. ఉమ్మెత్త లక్షణాలే, కాస్త పలచగా. వయసుతో ఎసిటైల్‌కోలిన్ నిల్వ తగ్గుతుంది, కాలేయం, మూత్రపిండాలు మందును నెమ్మదిగా బయటికి పంపుతాయి. అందుకే కొడుకును కాసేపు మగతగా ఉంచే మాత్ర తండ్రిని రెండు రోజులు తికమక పెట్టగలదు.

1991లో డాక్టర్ మార్క్ బీర్స్ పెద్దవాళ్లకు తగని మందుల జాబితా తెచ్చాడు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లు గమనించి 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఇలాంటి మందులు ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవారిలో డిమెన్షియా ముప్పు సుమారు 54 శాతం ఎక్కువగా కనిపించింది. 2019లో బ్రిటన్‌లో వెలువడిన మరింత పెద్ద అధ్యయనం డిప్రెషన్, మూత్రాశయ మందుల విషయంలో దాన్ని బలపరిచింది, అలర్జీ మందుల విషయంలో మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. మందే జబ్బు తెచ్చిందని దీనితో తేలిపోదు. డిమెన్షియా బయటపడక ముందే నిద్రలేమి, దిగులు మొదలవుతాయి కాబట్టి మందే ముందు వచ్చినట్టు కనిపించవచ్చు.

నన్ను బాగా కలచేది 2005లో కెనడాలోని ఒంటారియోలో బయటపడిన సంగతి. డొనెపెజిల్ లాంటి మందులతో కొందరికి మూత్రం ఆగదు. దాన్ని కొత్త జబ్బు అనుకుని ఆక్సీబ్యుటినిన్ లాంటివి రాస్తున్నారు. ఒక మాత్ర ఎసిటైల్‌కోలిన్‌ను నిలబెడుతుంటే, రెండోది దాన్నే అడ్డుకుంటోంది. రెండూ ఒకే మనిషి మింగుతున్నాడు.

మన ఇళ్లలో బీపీకి ఒక డాక్టరు, మోకాళ్లకు ఒకరు, ప్రోస్టేట్‌కు ఇంకొకరు. పైగా మందుల షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్ర ఏ చీటీలోనూ ఉండదు. అమ్మకో నాన్నకో మతిమరుపు హఠాత్తుగా పెరిగితే, ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్‌నూ, ఆ జలుబు మాత్రతో సహా, ఒక సంచిలో వేసి ఒకే డాక్టరు ముందు పెట్టండి. ఏదీ సొంతంగా ఆపేయకండి. అమిట్రిప్టిలిన్ లాంటివి ఉన్నట్టుండి మానేస్తే నిద్ర చెడి, వాంతులు, కంగారు మొదలవుతాయి. వాటిని డాక్టరే మెల్లగా తగ్గించాలి.