పిల్లికి పగ లేదర్రా!

చిరంజీవులు చింటూకీ అమ్ములుకీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా క్షేమం. ఆదివారం ఫోన్లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేశారు కాబట్టి నాకు సగమే అర్థమైంది. మీ పిల్లి బూడిద మళ్ళీ అమ్మ పరుపు మీద ఉచ్చ పోసింది, తిండి దగ్గర పేచీ పెడుతోంది, అమ్మ దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తానంటోంది. ఇదీ ఆ సగం. "అమ్మ తిట్టిందని పగబట్టింది తాతయ్యా" అని అమ్ములు తీర్పు కూడా ఇచ్చేసింది. ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదని ఉత్తరం రాస్తున్నాను. అమ్మకి కూడా చదివి వినిపించండి, కాస్త మంచి మూడ్‌లో ఉన్నప్పుడు.

నేను 32 ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశానని మీకు తెలుసు. ఆ రోజుల్లో మా దగ్గరికి గేదెలొచ్చేవి, ఎడ్లొచ్చేవి, మేకలొచ్చేవి. పిల్లిని చంకనెత్తుకుని వైద్యానికి వచ్చిన మనిషిని నేను చూడలేదు. కాబట్టి పిల్లుల సంగతి నాకు ఉద్యోగం నేర్పలేదు. రిటైరయ్యాక మన పెరట్లో చేరిన పిల్లులు నేర్పాయి, వాటిని చూపించిన డాక్టర్లు నేర్పారు.

తెనాలి రామలింగడి పిల్లి కథ గుర్తుందా? ఊళ్ళో ఎలుకలు పెరిగాయని రాయలవారు ఇంటికో పిల్లినీ, దానికి పాలకోసం ఒక ఆవునీ ఇప్పిస్తే, రామలింగడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనపడితే చాలు, పారిపోయేది. మనం రామలింగడి తెలివికి నవ్వుతాం. నాకిప్పుడు ఆ కథలో పిల్లే కనపడుతోంది. ఏ చోట బాధ కలిగిందో ఆ చోటంటేనే దానికి భయం. బాధ పెట్టింది వేడి అని దానికి తెలియదు, గిన్నె అనుకుంటుంది.

బూడిదకు అలాంటిదే జరిగిందని నా అనుమానం. దసరాకి మీ ఇంటికి వచ్చినప్పుడు, మీరు స్కూలుకి వెళ్ళాక, వెనక బాల్కనీలో స్టూలు వేసుకుని గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. లిట్టర్ ట్రే, అంటే పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్ళడానికి ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే డబ్బా, వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. పైన మూత, ముందు ఊగే తలుపు. బూడిద వచ్చింది. తల లోపలికి పెట్టి వాసన చూసింది. ముందుకాళ్ళు రెండూ ట్రే అంచు మీద ఆనించింది గాని లిట్టర్ మీద పెట్టలేదు. తర్వాత ఒక కాలు పెట్టి, వెంటనే తీసి, తడి తగిలినట్టు విదిల్చింది. సరిగ్గా అప్పుడే మెషీన్ స్పిన్‌లో పడి దడదడలాడింది. పిల్లి రెండంగల్లో హాల్లోకి మాయం. ఆ సాయంత్రమే పరుపు తడిసింది. మీ అమ్మ దాన్ని పట్టుకొచ్చి, ముక్కు ఆ తడి మీద రుద్ది, రెండు వేసింది. పాపం ఆవిడ అలసిపోయి ఆఫీసు నుంచి వచ్చింది, కోపం రాదా? కానీ ఆ రెండు దెబ్బలతో పిల్లికి తెలిసిందల్లా అమ్మ వస్తే నొప్పి అని. పరుపు విషయం తెలియనే లేదు.

అంచు మీద నిలబడటం, కాలు విదిల్చడం, తవ్వకుండా, పూడ్చకుండా పరుగెత్తడం. పిల్లి ఇలా చేస్తోందంటే ట్రే నచ్చలేదని నోరు విప్పి చెప్పినట్టే. మీరు లిట్టర్ వారానికి రెండుసార్లు ఎత్తుతున్నారని చింటూ నాతో ఒప్పుకున్నాడు. ఫ్లష్ చెయ్యని బాత్రూముకి మీరైతే వెళతారా? పైగా ఆ లిట్టర్‌లోని లావెండర్ వాసన మనకోసం కలిపింది. మనకంటే ఎన్నో రెట్లు వాసన పట్టే ముక్కుకి, మూత వేసిన డబ్బాలో, అది అత్తరు సీసాలో కూర్చోబెట్టినట్టుంటుంది.

ట్రే మార్చడానికి ముందు ఒక పని చెయ్యండి. దాన్ని డాక్టరుకి చూపించి మూత్రం పరీక్ష చేయించండి. మూత్రకోశం వాచినా, లోపల స్ఫటికాలు చేరినా పోసేటప్పుడు మంట పుడుతుంది. ఆ మంట ట్రేలో పుట్టింది కాబట్టి ట్రేనే తప్పుపట్టి, మెత్తటి చోటు వెతుక్కుంటుంది. మాటిమాటికీ వెళ్ళి కొంచెం కొంచెం పోయడం, ఎర్రటి జీర కనపడటం, పోస్తూ అరవడం, అక్కడే అదేపనిగా నాకుకోవడం వంటివి కనపడితే ఇక ఆలస్యం చెయ్యకూడదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మీరు పుట్టకముందు మన ఇంట్లో పండుగాడని ఒక మగపిల్లి ఉండేది. ఒకరోజు పొద్దున మామిడిచెట్టు కింద ఇసుకలో గుంట తవ్వి, కూర్చుని, ముక్కి, లేచి, ఇంకో గుంట తవ్వింది. అలా నాలుగైదు గుంటలు. విరేచనం కావడం లేదనుకుని నేను ఆముదం పట్టించాను. 32 ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కదా! మర్నాటికి అది లేవలేదు. ఆటోలో టౌనుకి తీసుకెళ్ళేసరికి పొట్టలో మూత్రకోశం నిమ్మకాయలా గట్టిగా తగులుతోంది. మగపిల్లికి మూత్రనాళం బాగా సన్నం. అది మూసుకుపోతే చుక్క బయటికి రాదు. రక్తంలో విషాలు చేరి, పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోతుంది. డాక్టరుగారు గొట్టం వేశారు గాని అప్పటికే ఆలస్యమైపోయింది. మీ బూడిద ఆడపిల్లి, ఈ గండం దానికి తక్కువ. కానీ కింది ఫ్లాట్‌లో ఆ అన్నయ్య పెంచేది మగపిల్లి. అతనికి ఈ ఒక్క పేరా ఫోటో తీసి పంపండి. మగపిల్లి ముక్కుతోంది, చుక్క రావడం లేదు అంటే తెల్లారేదాకా ఆగకూడదు.

డాక్టరు ఏమీ లేదంటే ట్రే సంగతి చూద్దాం. మూత తీసేయండి. అసలు ఆ ట్రేనే చిన్నది. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లోపల తిరిగి చూసుకోవాలి కదా. బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొని ఒకవైపు అంచు కిందికి కోసినా చాలు. పిల్లి ఒక్కటే అయినా ట్రేలు రెండు ఉండాలి. పిల్లులు ఎన్నో, దానికి ఒకటి ఎక్కువ అని డాక్టర్లు చెప్పే లెక్క. రెండూ పక్కపక్కనే పెడితే పిల్లికి అది ఒక్కటే. ఒకటి హాలు మూల సోఫా వెనక, ఇంకొకటి మీ గది బాత్రూము తలుపు దగ్గర పెట్టండి. మెషీన్‌కి దూరం, అన్నం గిన్నెకి దూరం. తినే చోట విసర్జించడం వాటికి మనకంటే రోత.

వాసన లేని, తడి తగిలితే ముద్దకట్టే సన్నరకం లిట్టర్ ఎక్కువ పిల్లులకు నచ్చుతుంది. అది బెంటొనైట్ అనే మట్టి, మన దేశంలో గుజరాత్‌లోని కచ్ వైపు బాగా దొరుకుతుంది. రెండు మూడు అంగుళాల మందం పోసి, పొద్దునా సాయంత్రం ముద్దలు ఎత్తెయ్యండి. ఎత్తింది కవర్లో కట్టి చెత్తబుట్టలో వెయ్యండి. కమోడ్‌లో పోశారో, అపార్ట్‌మెంట్ పైపులన్నీ సిమెంటు పోసినట్టు బిగుసుకుపోతాయి. సోయాతో చేసే టోఫు లిట్టర్ కూడా వస్తోంది. ఏది నచ్చుతుందో మనం వాదించుకోవడం దేనికి, రెండు ట్రేల్లో రెండు రకాలు పోసి వారం రోజులు చూడండి. ఎక్కువ ముద్దలు ఎక్కడుంటే ఓటు దానికి.

పరుపు మాట. ఫినాయిల్ వాడకండి. పిల్లి కాలేయానికి అలాంటి రసాయనాలను విరిచే శక్తి చాలా తక్కువ. పాదాలకు అంటింది నాకినా ప్రమాదమే. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది, అదీ ఇందుకే. అమ్మోనియా వాసన ఉన్నవి కూడా వద్దు, పిల్లికి అది ఉచ్చ వాసనలాగే అనిపిస్తుంది. పెంపుడు జంతువుల షాపులో ఎంజైమ్ క్లీనర్ అని అడగండి. తడిని గుడ్డతో అద్ది, అది బాగా పోసి, నెమ్మదిగా ఆరనివ్వండి. మన ముక్కుకి వాసన పోయినా దాని ముక్కుకి పోదు, మళ్ళీ అక్కడికే వస్తుంది. కొన్నాళ్ళు అమ్మ గది తలుపు మూసి ఉంచడం అన్నిటికంటే తేలిక.

అన్నట్టు, మీ పిన్ని కాన్పుకి వస్తోందిగా. పిల్లిని పంపించెయ్యాలని ఎవరో ఒకరు అంటారు. అక్కర్లేదు. పిన్ని మాత్రం ట్రే ముట్టుకోకూడదు. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కడుపులో బిడ్డకి చేటు. అయితే అది బయటపడ్డాక మనిషికి సోకే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. మీరు రోజూ ఎత్తేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే ఆ భయం చాలావరకు తీరిపోతుంది.

ఇక తిండి. "ముత్తవ్వ పిల్లికి పెరుగన్నమే పెట్టేదట, దీనికెందుకు ఇన్ని ప్యాకెట్లు" అని నాన్న అన్నాడట. ముత్తవ్వ పిల్లికి పెరుగన్నం టిఫిన్ లాంటిది. దాని అసలు భోజనం ధాన్యపు గాదె కింద ఉండేది, నాలుగు కాళ్ళతో పరుగెడుతూ. ఏడో అంతస్తులో బూడిదకు ఎలుక ఎక్కడిది? కుక్క మనతోపాటు అన్నం తిని సర్దుకుపోతుంది, పిల్లికి మాంసం లేకపోతే ఒళ్ళు నడవదు. టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే అందాలి. అది తక్కువైతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడి సాగిపోతుంది. పిల్లుల్లో ఆ గుండెజబ్బుకి టారిన్ లోపమే కారణమని 1987లో బయటపడింది. అప్పటినుంచే పిల్లి తిండి చేసే కంపెనీలు దాన్ని ఎక్కువ కలుపుతున్నాయి. ఇంట్లో చికెన్ ఉడికించి పెట్టడం మంచిదే గాని, రోజంతటి తిండి అదే అయితే చాలదు. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి, టారిన్ కొంత ఆ నీళ్ళలోకే దిగుతుంది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి పడకుండా చూడండి. ఉల్లి పిల్లి రక్తకణాలను పగలగొడుతుంది. అంటే కూర ముక్క కడిగి పెట్టినా పనికిరాదు. పాలు కూడా పెద్ద పిల్లులు చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి. అమ్ములూ, నువ్వు దొంగతనంగా పెట్టే గులాబ్‌జామ్ మాత్రం శుద్ధ దండగ, పిల్లికి తీపి రుచే తెలియదు.

తినడం లేదన్నారు. మీరు ప్యాకెట్ మార్చింది ఒక్కరోజులో. కొత్తదాన్ని పాతదాంట్లో నాలుగో వంతుతో మొదలుపెట్టి, వారం పదిరోజుల్లో పూర్తిగా మార్చాలి. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెట్టకండి, గిన్నెని వేడినీళ్ళలో కాసేపు ఉంచండి. గోరువెచ్చనయ్యాక వాసన లేస్తుంది, పిల్లి ముక్కుతోనే సగం తింటుంది. "ఆకలేస్తే అదే తింటుంది" అని పంతానికి మాత్రం పోకండి. ఒళ్ళున్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి జబ్బుచేస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

బూడిదకు ఒళ్ళుంది, కాదనకండి. పైనుంచి చూస్తే నడుము లేదు, బుడ్డ చెంబులా ఉంది. పొడి తిండి గిన్నె పొద్దున్నుంచి రాత్రిదాకా నిండుగా ఉండటమే కారణం. నాలుగు కిలోల పిల్లికి రోజుకి 200 నుంచి 250 క్యాలరీలు చాలు. పొడి తిండిలో 100 గ్రాములకు సాధారణంగా 350 నుంచి 400 ఉంటాయి. లెక్క చింటూ చెయ్యాలి. 60 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. వంటింటి త్రాసుతో తూచి, నాలుగైదు సార్లుగా పెట్టండి. అది మింగేసి వెంటనే కక్కుతోందంటే వెడల్పు పళ్ళెంలో పలచగా పరచండి. తెల్లవారుజామున నాలుగింటికి అరిచి లేపుతోందంటే, మీరు లేచి పెట్టడం వల్ల అరవడం నేర్చుకుంది. పడుకునే ముందు తాడు ఊపుతూ పది నిమిషాలు పరుగెత్తించి, చివరి వాటా అప్పుడు పెట్టండి.

పిల్లుల పూర్వీకులు ఎడారివి. దాహం వేసినా అంతగా తెలియదు. ఎలుకలో ముప్పాతిక వంతు దాకా నీళ్ళే కాబట్టి వాటికి సరిపోయేది, పొడి తిండిలో పదోవంతే ఉంటుంది. అందుకని రోజులో ఒక్కపూటైనా తడి తిండి పెట్టండి. నీళ్ళగిన్నె అన్నం పక్కన కాకుండా రెండు మూడు చోట్ల పెట్టండి. దీనివల్ల మూత్రం పలచబడుతుంది, ఆ పరుపు గొడవకి ఇదీ ఒక మందే.

ఒక కాగితం ఫ్రిజ్‌కి అంటించండి. తేదీ, ఏ ట్రేలో ఎన్ని ముద్దలు, ఎన్ని గ్రాములు తిన్నది. రెండు వారాలు రాసి నాకు ఫోటో పంపండి. ముద్దలు అమ్ములు లెక్కపెట్టాలి, త్రాసు చింటూది. గొడవపడితే వారం వారం మార్చుకోండి.

అమ్మమ్మ ఎండుచేపలు కట్టి పంపుతోంది. అందులో ఉప్పెక్కువ, బూడిదకు పెట్టకండి. అవి మీ నాన్నకి.

ఇట్లు,
తాతయ్య